ఇద్దరికి సరిపోయే పొయ్యి

పొట్టు పొయ్యి కూరడం నాకు ఇప్పటికీ వచ్చు. మోకాలెత్తు రేకు డబ్బా ఒకటి కావాలి. దాని అడుగున పక్కగా ఒక కన్నం ఉండాలి. ఆ కన్నంలోంచి ఒక కర్ర లోపలికి దూర్చి, డబ్బా నడుమ ఒక సీసా నిలబెట్టి, చుట్టూ శెనక్కాయ పొట్టు, అంటే వేరుశనగ కాయల పైపొట్టు, పోసి పిడికిలితో గట్టిగా అదమాలి. నిండిన తర్వాత సీసాను తిప్పుతూ పైకి, కర్రను పక్కకు మెల్లగా లాగేస్తే లోపల మంట తిరగడానికి దారి ఏర్పడుతుంది. కింద కాగితం ముక్క అంటించి పెడితే చాలు, తక్కిన పని అదే చూసుకుంటుంది.

ఒకసారి అంటుకున్న పొట్టు పొయ్యి ఎవరి మాటా వినదు. తగ్గమంటే తగ్గదు. వంటయిపోయింది కదా, ఆర్పి మిగిలిన పొట్టు రేపటికి దాచుకుందామంటే కుదరదు, నీళ్లు చల్లితే అంతా కూలి ముద్దవుతుంది. ఒక కూరు కూరితే అన్నమూ పప్పూ ఉడికి, ఇంకా స్నానానికి నీళ్లు కాగేదాకా మండుతుంది. ఒంటి మనిషికి అది దండగ, ఇద్దరికి లాభం. డిగ్రీలో మూడేళ్లు చదివిన అర్థశాస్త్రంలో నాకు గుర్తున్నది ఈ ఒక్క ముక్కే, అదీ పుస్తకంలో లేదు.

డెబ్భైల చివర సంగతి ఇది. అనంతపురంలో ఒక నేతపని వాళ్ల ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటాయన ధర్మవరంలో పట్టుమగ్గం మీద పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఇంటావిడను అక్కా అని పిలిచేవాణ్ణి. వంటకు పెరట్లో రేకుల పంచ ఒకటుండేది. ఒక మూల ఆమె కట్టెల పొయ్యి, ఇంకో మూల మా పొట్టు పొయ్యి, నడుమ అందరికీ కలిపి ఒక రోలు. ఊళ్లో కాయలు కొట్టే మిల్లుల దగ్గర పొట్టు గుట్టలుగా పడి ఉండేది. కూలివాళ్లను మంచి చేసుకుంటే ఒక గోతం నింపుకోనిచ్చేవాళ్లు. అది భుజాన వేసుకుని కాలేజీ అమ్మాయిలు ఎదురుపడని సందులు వెతుక్కుంటూ వచ్చేవాణ్ణి.

మొదటి రెండు నెలలు నేనొక్కణ్ణే ఉన్నాను. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు పలికే ఒక్క మాట తప్ప, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. కంబదూరు దగ్గరి పల్లె నుంచి వచ్చినవాణ్ణి, నా మాట విని టౌను పిల్లలు నవ్వుతారని నేనే మూసుకున్నాను. వండుకోవడం కన్నా తినడమే కష్టంగా ఉండేది. పళ్లెం ముందు కూర్చుంటే నేను నమిలే చప్పుడు నాకే వినపడేది.

అప్పుడు వచ్చాడు వాడు. ఫీజు కట్టే వరసలో నా ముందు నిలబడి, వెనక్కి తిరిగి, "ఏమప్పా, రూము యాడన్నా ఉండాదా?" అని అడిగాడు. వాడిది కణేకల్ వైపు, కాలువ కింద మడి ఉన్న ఇల్లు. బియ్యం ఇంటి నుంచి వస్తాయి. మాకు మడి లేదు, ఎర్రనేల మెట్టచేను, వాన పడితే పంట, లేకుంటే దుమ్ము. నా మూటలో కందిబేళ్లు, ఎండుమిరపకాయలు, చింతపండు, రాగిపిండి ఉండేవి. గంటలో ఒప్పందం కుదిరింది. బియ్యం వాడివి, పైకి కావలసినవన్నీ నావి. నీళ్లు వాడు పట్టాలి, పొట్టు నేను మోయాలి. కూరగాయలు మాత్రం చెరి సగం. సంత ఎత్తేసే వేళకు పోతే, మెత్తబడిన టమేటాలు గుట్ట లెక్కన ఇచ్చేసేవాళ్లు. బేరం నేను చేసేవాణ్ణి, వాడు పక్కన నిలబడి అమ్మే ఆవిడను నవ్వించేవాడు. ఆమె నవ్విన రోజు గుట్ట కాస్త పెద్దదయ్యేది.

వాడికొక అలవాటుండేది. నేను వచ్చి కూర్చునేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. పొయ్యి దగ్గర గిన్నె దించుతూ ఆలస్యం చేస్తే, "రాప్పా, కలిసి కూచోకుంటే నాకు దిగదు" అని అరిచేవాడు. వాడికి అదేం పెద్ద సంగతి కాదు, వాళ్లింట్లో పదిమంది ఒక్కసారి కూర్చుంటారు. నాకు మాత్రం ఆ కేక వినడానికే గిన్నె నెమ్మదిగా దించాలనిపించేది. కొన్నిసార్లు దించాను కూడా.

ఆ ఏడు మా వైపు వాన మోసం చేసింది. శెనక్కాయ చెట్టుకు ఊడ దిగి నేలలో కాయ కట్టే వేళకు చినుకు లేదు. చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మా నాయన నెత్తిన గోతంతో గది గుమ్మం ముందు నిలబడ్డాడు. నాకోసం తిండి తెచ్చాడనుకుని సంబరపడ్డాను. తిండి కాదు, విత్తనకాయలు. వచ్చే తొలకరి కారుకు చేను నిండా విత్తడానికి సరిపోయేంత, ఏరి ఏరి పక్కన పెట్టినవి. ఆ ఏడు పంటంటూ ఇంట్లో మిగిలింది ఆ ఒక్క గోతమే.

మా పక్క కరువు ఏళ్లలో విత్తనం ఇంట్లో ఉంచరు. ఆకలి వేళ కంటికి కనబడితే చెయ్యి ఊరుకోదని, ఏ చుట్టాల ఇంట్లోనో దాచి, వాన పడ్డాక తెచ్చుకుంటారు. ఎప్పుడూ మా మేనత్త ఇంట్లో పెట్టేవాళ్లు. ఆ ఏడు మేనత్త ఇంట్లో మాకన్నా ఎక్కువ ఆకలి ఉంది.

"ఇంట్లో పెట్టుకుంటే ఉగాదికే అయిపోతాయిరా" అన్నాడు నాయన, గోతాన్ని గది మూల ఇటుకల మీద పెడుతూ. "పిల్లోళ్లు ఏడిస్తే మీయమ్మ తాళలేదు. మీయమ్మ యాల, నేనే తాళలేను. నీ కాడైతే బద్రం. సదువుకున్నోడివి."

వెంట తెచ్చిన దబ్బనంతో గోతం మూతిని ఇంకోసారి పురికొసతో కుట్టి, దబ్బనం కిటికీలో పెట్టి, చెంబెడు నీళ్లు తాగి అదే బస్సుకు తిరిగిపోయాడు. అన్నం తినిపోమంటే, "మీ బియ్యం ఆ పిల్లోనివి గదరా" అని తల అడ్డంగా ఊపాడు. ఆ మాటతో నాకు సిగ్గేసింది.

మాఘం దాటేసరికి రాగిపిండి, చింతపండు తప్ప నా మూట ఖాళీ అయింది. బేళ్లు అయిపోయాయి, మిరపకాయలు అడుగంటాయి. ఇంటికి రాస్తే ఏం వస్తుంది? వాడి బియ్యం మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. రోజూ చింతపండు చారు కాచి పోస్తున్నాను. వారం రోజులు వాడు అదే పోసుకుని తిన్నాడు. ఒకనాడు చారులో చెయ్యి ముంచి పైకెత్తి చూసి నవ్వుతూ, "ఏమప్పా, దినామూ ఈ నీళ్లేనా? మా బియ్యానికి మర్యాద ల్యాకుండా పాయనే" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు. ఆ వెంటనే, వాళ్ల మామ బదిలీ అయి ఈ ఊరికే వస్తున్నాడనీ, ఇల్లు వెతుకుతున్నాడనీ చెప్పాడు.

నాకు బెంగ పట్టుకుంది. డబ్బు లేదన్న బెంగ కాదది. వాడు వేరు కుంపటి పెడితే నేను మళ్లీ ఆ చప్పుడు వింటూ ఒక్కణ్ణే తినాలి. ఆ భయం ఎంత చిన్నదో నాకు తెలుసు, ఊళ్లో మావాళ్ల కడుపుల ముందు అది ఎంత సిగ్గుమాలినదో కూడా తెలుసు. అయినా మరునాడు వాడు వీధి కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టడానికి పోయినప్పుడు, కిటికీలోంచి దబ్బనం తీసి, గోతం మూతి ఒక మూల నాలుగు కుట్లు విప్పాను.

దోసెడు కాయలు. అంతేలే అనుకున్నాను. ఒలిచి, గింజలు పెనం మీద వేయించి, ఉన్న నాలుగు మిరపకాయలు, టమేటా, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో దంచాను. ఊరిబిండి అంటాం దాన్ని. మా అమ్మ చేసినంత రాలేదు కానీ వాసన పెరడంతా నిండింది. వాడు బిందె దించి, రోటి అంచున మిగిలినది వేలితో గీకి నాక్కుని, "ఎప్పుడొచ్చినాయప్పా కాయలు?" అన్నాడు.

"మా నాయన పంపినాడులే, మనకోసరమే" అన్నాను.

ఆ పూట వాడు మూడుసార్లు అన్నం పెట్టుకున్నాడు. "నువ్వుంటే హోటలెందుకప్పా" అన్నాడు. ఆ మాటకు నేను చాలా రోజులు బతికాను.

తర్వాత దోసెళ్లు ఎన్నయ్యాయో చెప్పలేను. గోతం జారిపోతున్నట్టు కనబడితే నాకో తెలివి పుట్టింది. కాయ మూతి దగ్గర బొటనవేలితో నొక్కితే నోరు తెరుస్తుంది. గింజలు తీసుకుని మళ్లీ అదిమితే మూసుకుంటుంది. అలా మూసిన లొట్టలను గోతంలో తిరిగి వేసేవాణ్ణి. పైన రెండు దోసెళ్లు మంచి కాయలు పరిచి కుట్టేవాణ్ణి. బయటికి గోతం నాయన పెట్టినట్టే నిండుగా ఉండేది. కంచే చేను మేసినట్టు అంటారు కదా, మేసిన కంచె ఖాళీ చేలో ఉత్త చొప్ప నాటి నిలబెట్టిందన్నమాట. తిలాపాపం తలా పిడికెడని మనసుకు సర్దిచెప్పుకుందామన్నా, నాతో పంచుకున్నవాడికి అది పాపమనే తెలియదు.

ఇంత చేసినా వాడు పోనే పోయాడు. వాళ్ల మామకు ఇల్లు దొరికింది. తన ట్రంకు పెట్టె, బియ్యం మూట రిక్షాలో వేసుకుని, "ఏమనుకోవద్దప్పా, ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. ఆదివారం వస్తాలే, నీ ఊరిబిండి తినేకి" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. మామ ఇంట్లో వేడివేడి అన్నం ఉంటే నా రేకు డబ్బా పక్కన కూర్చోవలసిన ఖర్మ వాడికేమిటి? తర్వాత ఆదివారం పొయ్యి ఇద్దరికని కూరాను. దంచి, గిన్నె మీద పళ్లెం మూసి, వీధి తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాతి ఆదివారం కూడా. కాలేజీలో ఎదురైతే భుజం తట్టేవాడు. వస్తానని అప్పుడూ అనేవాడు.

పరీక్షలయ్యాయి. అందరూ ఊళ్లకు పోయారు. నాయన కార్డు రాయించాడు. "ఈడ గంజికే కటకటగా ఉండాది. వానలు పడేదాకా ఆడే ఉండు. కాయలకు కావలి ఉన్నట్టుంటాది." ఆ కార్డు మడిచి పుస్తకంలో పెట్టాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఆ వేసవి మొత్తం ఒక్కణ్ణే. పొద్దున ఒక కూరు కూరి చటాకు రాగిపిండితో సంగటి కెలికేవాణ్ణి. పావుగంటలో అయిపోయేది. గిన్నె దించిన తర్వాత పొయ్యి అలాగే నిండుగా మండుతూ ఉండేది. ఎదురుగా కూర్చుని ఆ మంట చూసేవాణ్ణి. పీట ఎదురుగా వాడు కూర్చునే చోటు ఖాళీగా ఉండేది. ఇంటి అక్క తన పొయ్యి దగ్గర నుంచి చూసి, "ఒక్కనికి ఇంత మంట యాలప్పా, దండగ గదా?" అనేది. దండగే. మంట ఊరికే పోతోందే అని పెనం పెట్టేవాణ్ణి. పెనం పెట్టాక ఊరికే ఉండదని గుప్పెడు కాయలు తెచ్చి వేసేవాణ్ణి. ఆకలేసి కాదు, నిజం చెబుతున్నాను. కాయలు చిటపటమంటుంటే పక్కన ఎవరో ఉన్నట్టుండేది. వాడి కోసం తీసిన కాయలకు ఏదో ఒక సాకు చెప్పుకోగలను. తర్వాత నేనొక్కణ్ణే కూర్చుని నమిలినవాటికి సాకు లేదు. సగానికి సగం అలా పోయినవే.

మృగశిరలో ఒక సాయంత్రం వాన పడింది. ఊరంతా బయటికొచ్చింది. ఇంటి అక్క కొంగు తలమీద కప్పుకుని వాకిట్లో నిలబడి నవ్వుతోంది. మావైపు పడకూడదు దేవుడా అనుకున్నాను. ఎర్రనేల బిడ్డగా పుట్టినవాడు వాన వద్దని మొక్కుకోవడం అదే మొదలు.

మరునాడు మొదటి బస్సుకే నాయన వచ్చాడు. మావైపు కూడా పడింది. ముఖమంతా వెలుగు. "పదును బాగుండాదిరా, రేపే గొర్రు కట్టల్ల" అంటూ విత్తనం వేసే తొందరలో కాళ్లు కడుక్కున్నాడు. ఈసారి బియ్యం ఎవరివో కావు కాబట్టి అన్నానికి కూర్చున్నాడు. సంగటి ముద్ద పెట్టాను. నంజుకోవడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. ముందురోజు దంచిన ఊరిబిండి పక్కన వేశాను. వేస్తూ చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకున్నాను, తీసుకోలేదు.

ఒక ముద్ద తిన్నాడు. నమలడం ఆపి, మళ్లీ నమిలాడు. "బాగుండాది" అన్నాడు. పళ్లెం శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, గోతం దగ్గరకు పోయాడు. విప్పలేదు. గోతం రెండు చెవులూ పట్టుకుని ఒకసారి కుదిపాడంతే. గింజ ఉన్న కాయల చప్పుడు వేరు, లొట్టల చప్పుడు వేరు. నా డిగ్రీ చదువుకు తట్టని సంగతి అది. కాయల మధ్య పుట్టి పెరిగి, వాటిని లొట్టలతో మోసం చేయవచ్చనుకున్నాను.

నాయన గోతాన్ని నేలమీద గుమ్మరించాడు. "కూచో" అన్నాడు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం ఏరాం. మంచివి అటు, లొట్టలు ఇటు. మధ్యాహ్నం దాకా అదే పని. ఒక్కో కాయ చెవి దగ్గర ఊపి చూసే పని కూడా లేదు ఆయనకు, వేళ్లకే తెలిసేది. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఉండాలని ఏడాదంతా కోరుకున్నాను, ఈ విధంగా తీరింది. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అనిపించింది. మంచి కాయలు గోతంలో మూడో వంతు దాటలేదు. లొట్టల గుట్టను చేత్తో నా వైపు తోసి, "పొయ్యికి పనికొస్తాయి, పెట్టుకో" అన్నాడు.

బస్టాండు దాకా గోతం నేను మోస్తానన్నా ఇవ్వలేదు. కళ్యాణదుర్గం బస్సు ఇంకా రాలేదు. గోతం కాళ్ల మధ్య పెట్టుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఒక్కనివే తిన్న్యావా?"

ఆ ప్రశ్న నేననుకున్నది కాదు. ఎందుకు తిన్నావంటాడని జవాబులు కట్టుకుని ఉన్నాను.

"లేదు నాయనా. ఇద్దరం తిన్న్యాము. ఆ కణేకల్ పిల్లోడు, నేను."

"వాని బియ్యం నువ్వు తింటివి. నీ కాయలు వాడు తినె" అన్నాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "అట్లయితే పోనీలే. ఒక్కనివే కూచోని తిన్న్యావేమో అని బాదైంది." బస్సు వచ్చింది. ఎక్కిపోయాడు.

ఆ ఏడు మా చేలో మూడో వంతే శెనక్కాయ విత్తారు. తక్కినదాంట్లో ఆలస్యంగా ఉలవలు చల్లారు. పక్క చేల వాళ్లు ఏమైందని అడిగితే నాయన దాచలేదు. "మావోడు టౌన్లో ఇంగో పిల్లోనికి గూడా పెట్టి సదువుకున్న్యాడు" అనేవాడు. గొప్పగా చెప్పేవాడు. నేను పక్కనే నిలబడి, ఉలవ చేను వైపు చూస్తూ వినేవాణ్ణి. నిజం చెప్పడానికి నోరు రాలేదు. చెబితే చేనుతోపాటు ఆ గొప్ప కూడా పోతుంది ఆయనకు.

చాలా ఏళ్లకు, నేను ఉద్యోగంలో చేరి వేరే ఊళ్లో ఒంటి గదిలో గ్యాసు పొయ్యి మీద వండుకుంటున్న రోజుల్లో, ఒకసారి ఊరికి పోయాను. నాయనకు అప్పటికి చూపు మందగించింది. అన్నం దగ్గర కూర్చుని, ఊరిబిండి ఇంకొంచెం పెట్టించుకుని, ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ కణేకల్ పిల్లోడు బాగుండాడా?"

"బాగుండాడు నాయనా."

"కలిసి తిన్నోడు తోడబుట్టినోని లెక్కరా. ఈ తూరి వచ్చేటప్పుడు పిల్చుకోని రా."

"పిల్చుకొస్తాలే" అన్నాను. వాడు ఏ ఊళ్లో ఉన్నాడో నాకు తెలియదు.